రోములో ఏడాదిన్నర కాపురం పెట్టబోయేవాళ్ళకి

ప్రశ్న: "మా ఆయనకి రోములోని సపియెంజా విశ్వవిద్యాలయంలో ఏడాదిన్నర పరిశోధన అవకాశం వచ్చింది. నేనూ, నాలుగేళ్ళ పాపా వెంట వెళ్తున్నాం. ఎక్కడ వెతికినా మూడు రోజుల్లో రోము ఎలా చూడాలో రాశారు కానీ, అక్కడ రోజులు ఎలా గడుస్తాయో ఎవరూ చెప్పడం లేదు. మేం శాకాహారులం. ఇటాలియన్ ఒక్క ముక్క రాదు. చాలా టెన్షన్‌గా ఉంది. అక్కడ ఉండొచ్చినవాళ్ళు కాస్త చెబుతారా?"

సమాధానం:

నేను 2021 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు దాకా, మూడేళ్ళు రోములో ఉన్నాను. ఒక పరిశోధన సంస్థలో ఒప్పందం మీద ఉద్యోగం. మావారు ఇంటి నుంచే పని చేసుకునేవారు. వెళ్ళేటప్పటికి బాబుకి అయిదేళ్ళు. మేమూ శాకాహారులమే, మాకూ భాష రాదు. కాబట్టి మీ టెన్షన్ ఎలాంటిదో నాకు బాగా తెలుసు.

ముందుగా ఒక మాట చెబుతాను. మొదటి నెల కొలోసియం, వాటికన్ అంటూ తిరక్కండి. అవెక్కడికీ పోవు, మీకు ఏడాదిన్నర టైముంది. ఆ నెలంతా మీ వీధిని నేర్చుకోండి. రోము వేళల ఊరు. ఏ పని ఏ వేళకి జరుగుతుందో తెలిస్తే సగం ఇబ్బంది తీరిపోతుంది. తెలియకపోతే ఏ తలుపు దగ్గరికి వెళ్ళినా మూసే ఉంటుంది. మధ్యాహ్నం రెండున్నరకి నేను మార్కెట్‌కి వెళ్తే నీళ్ళు కొట్టి నేల కడుగుతున్నారు. సాయంత్రం ఐదింటికి పిల్లాడికి ఆకలేసి హోటల్‌కి వెళ్తే ఏడున్నర దాకా వంట మొదలుపెట్టమన్నారు. చిన్న చిన్న దుకాణాలు మధ్యాహ్నం మూసి నాలుగింటికో, నాలుగున్నరకో మళ్ళీ తీస్తారు. మొదటి రెండు నెలలూ ఈ ఊరికి మేమంటే పడదేమో అనిపించింది. తర్వాత మా వేళలు మార్చుకున్నాం. పొద్దున్నే మార్కెట్, ఒంటిగంటకి భోజనం, ఎండాకాలం మధ్యాహ్నాలు కిటికీ తలుపులు మూసుకుని నిద్ర, సాయంత్రం ఆరు దాటాక వీధిలోకి. ఆలోచిస్తే మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో వేసవి రోజులూ ఇలాగే గడిచేవి.

మేం పిన్యేతో అనే పేటలో ఉండేవాళ్ళం. అక్కడి నుంచి 5 నంబరు ట్రామ్ ఎక్కితే పోర్తా మజ్జోరే మీదుగా తెర్మిని రైల్వే స్టేషన్‌కి వెళ్ళొచ్చు. పోర్తా మజ్జోరే అంటే క్లాడియస్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 52లో, రెండు నీటి కాలువలు రోడ్డు దాటడానికి కట్టిన పెద్ద రాతి కమానులు. వాటి చుట్టూ ట్రామ్ పట్టాలు, బస్సులు, స్కూటర్లు, గొడుగులమ్మే కుర్రాళ్ళు. ఆ గేటుని ఆనుకునే ఒక రొట్టెల వ్యాపారి సమాధి ఉంది. అతని పేరు యూరిసాసెస్. 2,000 ఏళ్ళ నాటివాడు. గోడంతా పెద్ద పెద్ద గుండ్రటి రంధ్రాలు ఉంటాయి, పిండి పిసికే యంత్రాల ఆకారమని చెబుతారు. పై అంచున రొట్టెల పని మొత్తం చెక్కి ఉంది. గోధుమలు విసరడం, పిండి కలపడం, ముద్దలు చెయ్యడం, పొయ్యిలో పెట్టడం, తూకం వెయ్యడం. ట్రామ్ లేటైన రోజుల్లో మా బాబు ఆ బొమ్మల్ని ఒక్కొక్కటీ చూపిస్తూ "వీడు చపాతీ చేస్తున్నాడు" అనేవాడు. టికెట్ కొని గైడ్‌తో చూసినవేవీ నాకు ఇంత గుర్తు లేవు. రాజులూ పోపులూ కట్టించినవాటి మధ్య పిండి పిసుక్కుని బతికిన మనిషి ఒకడు తన పనిని అంత గర్వంగా చెక్కించుకున్నాడని రోజూ చూడ్డం నాకు చాలా ధైర్యాన్నిచ్చింది.

నీళ్ళ సంగతి. సీసాలు కొనకండి. వీధి వీధికీ నడుమెత్తు ఇనుప స్తంభాలు కనిపిస్తాయి, వంపు తిరిగిన గొట్టంలోంచి రాత్రీ పగలూ చల్లటి నీళ్ళు పడుతూ ఉంటాయి. వాటిని నాసోని అంటారు, పెద్ద ముక్కులు అని అర్థం. 1874 నుంచి పెట్టడం మొదలుపెట్టారు, ఇప్పుడు ఊరు మొత్తం మీద సుమారు 2,500 ఉన్నాయి. నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు. గొట్టం కింది మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్ళు ధారగా పైకి లేస్తాయి. వంగకుండా తాగొచ్చు. మీ పాపకి ఇది నేర్పండి, ఆ రోజు నుంచి ప్రతి మలుపులోనూ ఆగుతుంది. ఇళ్ళలో కుళాయి నీళ్ళూ తాగడానికి మంచివే కానీ సున్నం ఎక్కువ. గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతుంది. నెలకోసారి వెనిగర్ వేసి మరగబెట్టుకోవాలి. ట్రెవీ ఫౌంటెన్‌లో పడే నీళ్ళు అగస్టస్ చక్రవర్తి సేనాని అగ్రిప్పా క్రీ.పూ. 19లో వేయించిన కాలువవే. మధ్యలో పాడైతే బాగుచేసుకుంటూ ఇప్పటికీ వాడుతున్నారు.

తిండి గురించి మీకు భయం అక్కర్లేదు, జాగ్రత్త మాత్రం కావాలి. పేట మార్కెట్లు పొద్దున ఏడింటికల్లా మొదలై రెండింటికి అయిపోతాయి. అక్కడ పళ్ళూ కూరగాయలూ చేత్తో ముట్టుకోకూడదు. ఏం కావాలో చెబితే వాళ్ళే ఏరి ఇస్తారు. ఇవాళ తినడానికా, రెండు రోజులు ఉంచడానికా అని కూడా అడుగుతారు, దాన్నిబట్టి టమాటా పండుదో దోరదో ఇస్తారు. సూపర్ మార్కెట్లో అయితే ప్లాస్టిక్ గ్లవుజు తొడుక్కుని ఏరుకుని, మనమే తూచి స్టిక్కర్ అంటించాలి. నేను మొదటిసారి మార్కెట్లో అలవాటుగా వంకాయ నొక్కి చూశాను, ఆవిడ నా చెయ్యి మీద చిన్నగా తట్టింది. కోపంగా కాదు, పిల్లల్ని వారించినట్టు. నెల తిరిగేసరికి ఆవిడే నా సంచిలో అడక్కుండా ఒక కట్ట పడేసేది. రెండు కొమ్మలు సెలరీ, ఒక క్యారెట్, కాస్త పార్స్లీ, తులసిలాంటి బాసిలికో. డబ్బుల్లేవు. దాన్ని ఒదోరి అంటారు, సువాసనలు అని. మన రైతుబజార్లో కొత్తిమీర, కరివేపాకు కొసరు పెడతారే, అచ్చం అదే. మొదటిసారి ఆ కొసరు వచ్చిన రోజు ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

మన సరుకుల కోసం తెర్మిని దగ్గర ఎస్క్విలీనో మార్కెట్‌కి వెళ్ళండి. పియాత్సా విత్తోరియో పక్కనే, పాత సైనిక బ్యారక్ లోపల పైకప్పు కింద నడుస్తుంది. బెండకాయ, కాకరకాయ, పచ్చిమిరప, కొత్తిమీర, అల్లం, పచ్చి అరటికాయ అన్నీ దొరుకుతాయి. దుకాణదారుల్లో చాలామంది బంగ్లాదేశ్‌వాళ్ళు. చుట్టూ ఉన్న కొట్లలో కందిపప్పు, మినప్పప్పు, బియ్యం ఉంటాయి. బాస్మతి ఎక్కడైనా ఉంటుంది, సన్నబియ్యం మాత్రం దొరికినప్పుడు రెండు సంచులు తెచ్చుకోవాలి. పెరుగు ఇంట్లో తోడు పెట్టుకోండి, తాజా పాలు బాగా తోడుకుంటాయి. గోంగూర నాకు మూడేళ్ళలో దొరకలేదు.

బయట తినేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి. గుమ్మడిపూల బజ్జీలు చూడగానే నోరూరుతుంది, కానీ లోపల చీజ్‌తో పాటు చిన్న చేప ముక్క పెడతారు. దాన్ని అలీచి అంటారు. సుప్లీ అనే అన్నం ఉండల్లో మామూలుగా మాంసం ఉంటుంది. పుంతరెల్లె అనే చలికాలపు ఆకు సలాడ్ మీద పోసే రసంలోనూ అలీచి నూరి కలుపుతారు. పెకొరీనో, పార్మిజానో చీజుల కోసం పాలు విరగ్గొట్టడానికి జంతువుల పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. అది పట్టింపు ఉన్నవాళ్ళు కాచో ఎ పేపె లాంటి పాస్తా కూడా తినకపోవడమే మంచిది. నిశ్చింతగా తినగలిగేవి పిజ్జా మారినారా, దాని మీద టమాటా, వెల్లుల్లి, ఒరేగానో ఆకు, నూనె తప్ప ఏమీ ఉండవు. ముక్కలు కోసి తూకానికి అమ్మే పిజ్జా కొట్లలో బంగాళదుంప పిజ్జా. ఇంకా చికోరియా. ఇది చేదాకు. ఉడకబెట్టి, నీళ్ళు పిండేసి, ఆలివ్ నూనెలో వెల్లుల్లి, ఎండుమిరప వేసి వేపుతారు. మొదటిసారి తిన్నప్పుడు మావారు "అన్నం ఉంటే బాగుండు" అన్నారు. తర్వాత మేం ఇంట్లో అన్నంతోనే తినేవాళ్ళం. ఎక్కడైనా "సెంత్సా కార్నె, సెంత్సా పేషె" అని రెండూ చెప్పండి. మాంసం లేకుండా, చేప లేకుండా అని. ఊరికే శాకాహారి అంటే ఒక్కోసారి చేప వస్తుంది.

ఇల్లు. మీది ఏడాదిన్నర అన్నారు, సరిగ్గా 18 నెలల దాకా చేసుకునే తాత్కాలిక ఒప్పందం అక్కడి చట్టంలోనే ఉంది, దాన్ని త్రాన్సితోరియో అంటారు. ఒప్పందాన్ని 30 రోజుల్లోగా పన్నుల శాఖలో రిజిస్టర్ చెయ్యాలి. ఇది గట్టిగా అడగండి. మాకు మొదట దొరికిన ఒక ఏజెంటు అడ్వాన్సు తీసుకున్నాక రిజిస్ట్రేషన్ ఎందుకు, అద్దె తగ్గిస్తాం అన్నాడు. ఆ కాగితం లేకపోతే నివాసం నమోదు కాదు, దాంతో ముడిపడ్డవన్నీ ఆగిపోతాయి. ఆ ఇల్లు వదిలేసుకున్నాం, అడ్వాన్సులో సగమే వెనక్కి వచ్చింది. ఇల్లు చూసేటప్పుడు కరెంటు ఎంత అని కూడా అడగండి. చాలా ఇళ్ళకి 3 కిలోవాట్లే. వాషింగ్ మెషీన్, ఓవెన్, గీజరు ఒకేసారి వేస్తే మొత్తం పోతుంది. మీటరు కింద సెల్లార్‌లో ఉంటే దిగి వెళ్ళి వేసుకోవాలి. మన మిక్సీ, కుక్కర్ నిక్షేపంగా పనిచేస్తాయి, అక్కడా 230 వోల్టులే. మూడు లావుపాటి పిన్నుల ప్లగ్ మాత్రం దూరదు, అడాప్టర్ కావాలి. అపార్టుమెంట్లో అందరికీ కలిపి ఉండే హీటింగును నవంబరు నుంచి ఏప్రిల్ సగం వరకే, రోజుకు 12 గంటలకి మించకుండా వెయ్యాలని నియమం. పాలరాతి నేలలు చల్లగా కొడతాయి, ఇంట్లో చెప్పులు తప్పవు.

మిక్సీ అన్నాను కాబట్టి మా పక్కింటావిడ సంగతి చెప్పాలి. చాలా అపార్టుమెంట్లలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా చప్పుడు చెయ్యకూడదని కట్టుబాటు. నాకు తెలియదు. ఒక శనివారం మూడింటికి ఇడ్లీ పిండి రుబ్బుతుంటే తలుపు కొట్టారు. డెబ్భై దాటిన పెద్దావిడ, నైటీ మీద స్వెటరు, కళ్ళలో నిద్ర. ఏదో అన్నారు, నాకు "దోర్మిరె" అన్న మాటొక్కటే అర్థమైంది, నిద్ర అని. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు డబ్బాలో నిమ్మకాయ పులిహోర పెట్టి తీసుకెళ్ళాను. ఏమీ అనకుండా తీసుకున్నారు. నాలుగు రోజుల తర్వాత అదే డబ్బా కడిగి, లోపల ఆరెంజ్ తొక్కతో చేసిన బిస్కెట్లు పెట్టి తిరిగిచ్చారు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మన ఇళ్ళలో అంటారు కదా. అక్కడి నుంచి మొదలైంది మా స్నేహం.

ఆవిడే నాకు ఆర్టిచోక్ బాగుచెయ్యడం నేర్పారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మార్కెట్ నిండా అవే, తామర మొగ్గంత పెద్దవి, ఆకుపచ్చా ఊదా కలిసిన రంగు. మొదట ఒక నిమ్మకాయ సగానికి కోసి పక్కన పెట్టుకున్నారు. బయటి రేకులు ఒక్కొక్కటీ వెనక్కి విరుస్తూ తీసేశారు, లేత పసుపు రంగు కనిపించేదాకా. అప్పటికి సగం కాయ పోయింది, నా ప్రాణం ఉసూరుమంది. తర్వాత చిన్న వంపు కత్తితో కాయని తిప్పుతూ చుట్టూ చెక్కారు. కత్తి కదల్లేదు, కాయే తిరిగింది. చెక్కిన ప్రతిచోటా వెంటనే నిమ్మచెక్క రుద్దారు, లేకపోతే మన అరటికాయలాగే నల్లబడుతుంది. కాడ పారెయ్యొద్దు, తొక్క తీస్తే అదే అన్నిటికంటే తియ్యన అన్నారు. మధ్యలో అడవి పుదీనా, వెల్లుల్లి కూరి, కాడలు పైకి పెట్టి, నూనె, నీళ్ళు పోసి మూత పెట్టారు. నా వేళ్ళు రెండు రోజులు నల్లగానే ఉన్నాయి. తర్వాత ఏడాది నేను పన్నెండు చెక్కితే ఆవిడ కుర్చీలో కూర్చుని చూశారు.

భాష గురించి అంత బెంగ వద్దు. మన భాషని తూర్పు ఇటాలియన్ అంటుంటారు, మాటలు అచ్చుతో ముగుస్తాయని. అక్కడికి వెళ్ళాక నాకు ఇంకో లాభం తెలిసింది. మన చెవికి ద్విత్వాక్షరం ఇట్టే తెలుస్తుంది. కపెల్లో అంటే వెంట్రుక, కప్పెల్లో అంటే టోపీ. పేన అంటే బాధ, పెన్న అంటే కలం. నా ఇటాలియన్ క్లాసులో ఇంగ్లీషువాళ్ళు ఆ తేడా పలకడానికి నెలలు పట్టింది, మనకి అది పుట్టుకతో వచ్చింది. నువ్వు, మీరు తేడా కూడా ఉంది. కొత్తవాళ్ళని, పెద్దవాళ్ళని లేయి అనాలి, దగ్గరివాళ్ళని తూ. కొంతకాలం పోయాక వాళ్ళే "ఇక నువ్వు అనుకుందాం" అని ప్రకటిస్తారు. మా పక్కింటావిడ రెండో ఏడాది అలా అన్నారు. నావల్ల కాలేదు. తల్లి వయసు ఆవిడని నువ్వని ఎలా పిలుస్తాం? చివరిదాకా ఆవిడ నన్ను నువ్వన్నారు, నేను సిన్యోరా, మీరు అనే అన్నాను. దుకాణంలో అడుగుపెట్టగానే బోన్జోర్నో అనడం మాత్రం మర్చిపోకండి. పలకరించకుండా నేరుగా సరుకు అడిగితే వాళ్ళ ముఖం మారిపోతుంది.

కాగితాల పని గబగబా చెబుతాను. 90 రోజులు దాటి ఉండేవాళ్ళు దిగిన 8 పనిదినాల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. పోస్టాఫీసులో కిట్ ఇస్తారు, నింపి అక్కడే కట్టాలి. 16 యూరోల స్టాంపు పొగాకు కొట్లో దొరుకుతుంది, బయట తెల్లటి టి అక్షరం బోర్డు ఉంటుంది. బస్సు టికెట్లూ అక్కడే. పోస్టాఫీసువాళ్ళిచ్చే రసీదే కార్డు వచ్చేదాకా మీ ప్రాణం, దాన్ని పోగొట్టుకోకండి, ఫొటో తీసి పెట్టుకోండి. వీసా గడువు అయిపోయి రసీదు మాత్రమే చేతిలో ఉన్నప్పుడు ఇండియా రావాల్సి వస్తే ఇతర షెంగెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల) మీదుగా వెళ్ళే టికెట్ కొనకండి. కోదిచె ఫిస్కాలె అనే పన్ను నంబరు మీ ముగ్గురికీ కావాలి, పాపకి కూడా. అది లేనిదే ఫోన్ సిమ్ము దగ్గర్నుంచి ఏదీ జరగదు. పెళ్ళి సర్టిఫికెట్, పాప పుట్టిన సర్టిఫికెట్ ఇక్కడే అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా మన ప్రభుత్వం వేసే ముద్ర) చేయించి, ఇటాలియన్ అనువాదంతో తీసుకెళ్ళండి. మేం ఒక్క అనువాదం వదిలేసి వెళ్ళినందుకు మూడు నెలలు తిరిగాం.

పాపకి మూడేళ్ళు దాటాయి కాబట్టి స్కూలా దెల్లిన్‌ఫాంత్సియా అనే చిన్నపిల్లల బళ్ళో చేర్చొచ్చు. ప్రభుత్వ బడిలో ఫీజు ఉండదు, భోజనానికి మాత్రం కట్టాలి. శాకాహారం కావాలని ముందే రాసిస్తే వేరే భోజనం పెడతారు. సెప్టెంబరు చదువులకి చేరికలు జనవరి ప్రాంతంలోనే జరుగుతాయి. మధ్యలో వెళ్తే ఖాళీ సీట్ల కోసం నాలుగు బళ్ళు తిరిగి అడగాల్సిందే. మొదటి నెల ఏడుస్తుంది, మీకూ ఏడుపొస్తుంది. మా బాబు అయిదు వారాలు బళ్ళో నోరు విప్పలేదని టీచరు చెప్పింది. ఆరో వారం పాలు పొంగితే "మమ్మ మీయా!" అని అరిచాడు. ఆరోగ్య సేవలో పేరు నమోదు చేయించుకుంటే పాపకంటూ ఒక పిల్లల డాక్టరును కేటాయిస్తారు. పాపని కూర్చోబెట్టి తోసే బండి చిన్న చక్రాలది తీసుకోకండి. పాత వీధుల్లో నల్లరాయి ముక్కలు పరిచి ఉంటాయి, చక్రాలు ఇరుక్కుంటాయి, వాన పడితే మనుషులే జారతారు. పదేళ్ళలోపు పిల్లలకి బస్సు, ట్రామ్, మెట్రోల్లో టికెట్ లేదు.

ఇబ్బందులూ చెప్పాలి. రవాణా సమ్మెలు తరచుగా జరుగుతాయి, ఎక్కువగా శుక్రవారాలు. ముందే ప్రకటిస్తారు. ఆ రోజు కూడా పొద్దున ఎనిమిదిన్నర దాకా, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా బస్సులూ ట్రామ్‌లూ నడపాలని నియమం. అందుకని ఆఫీసుకి తొందరగా వెళ్ళి సాయంత్రం ఐదు దాటాక బయల్దేరితే సరిపోతుంది. చెత్త డబ్బాలు పొంగిపొర్లే వారాలుంటాయి. తెర్మిని దగ్గర, 64 నంబరు బస్సులో జేబుదొంగలుంటారు, బ్యాగు ముందుకి వేసుకోండి. మమ్మల్ని చూసి బంగ్లాదేశ్‌వాళ్ళనుకునేవాళ్ళు. అందులో తప్పు లేదు. కానీ కొన్ని కౌంటర్లలో మా ఆఫీసు లెటర్ చూపించేదాకా ఒక గొంతు, చూపించాక ఇంకో గొంతు. అది నన్ను బాధపెట్టింది. రాత్రి పన్నెండింటి దాకా కొట్లు తెరిచి కూర్చునే ఆ బంగ్లా కుర్రాళ్ళే మాకు మొదటి చలికాలంలో కందిపప్పు ఎక్కడ దొరుకుతుందో, జ్వరమొస్తే ఏ మందులషాపు తెరిచి ఉంటుందో చెప్పారు. ఆ లెటర్ వాళ్ళ దగ్గర ఉండదు కదా.

కాలాల్లో ఆగస్టు కష్టం. 15వ తేదీ ఫెర్రగోస్తో పండగ, అగస్టస్ చక్రవర్తి పేరు మీద వచ్చిన సెలవు. దానికి అటూ ఇటూ రెండు మూడు వారాలు సెలవు కాగితాలు అంటించి దుకాణదారులంతా సముద్రానికి వెళ్ళిపోతారు. మందులూ పాలూ ముందే చూసుకోండి. ఎండ మన విజయవాడని గుర్తుచేస్తుంది. సాయంత్రమయ్యాక సముద్రం వైపు నుంచి వచ్చే గాలిని పొనెంతీనో అంటారు, దాని కోసం పెద్దవాళ్ళు కుర్చీలు వేసుకుని కింద కూర్చుంటారు. చలికాలంలో మన గోరువంకల జాతి పిట్టలు లక్షల్లో వస్తాయి. సాయంత్రం తెర్మిని పైన ఆకాశంలో నల్లటి గుడ్డ మడతపడి విప్పుకున్నట్టు తిరుగుతాయి, తర్వాత తీబెరు నది ఒడ్డు చెట్ల మీద వాలతాయి. చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. ఆ చెట్ల కింద మాత్రం గొడుగు వేసుకుని నడవండి.

మీకోసమంటూ ఒక చోటు పెట్టుకోండి. నాది పాంథియోను, పాత రోమను గుడి. అదీ వాన పడే రోజున. 43 మీటర్ల గుమ్మటం నడినెత్తిన సుమారు 9 మీటర్ల గుండ్రటి రంధ్రం, దానికి మూతా అద్దమూ ఏమీ లేవు. వాన సన్నటి స్తంభంలా నేరుగా లోపలికి దిగుతుంది. నేల మధ్యలో కొద్దిగా ఉబ్బుగా ఉంటుంది, పాలరాతిలో చిన్న చిన్న కన్నాలు, నీళ్ళు వాటిలోకి ఇంకిపోతాయి. హేడ్రియన్ చక్రవర్తి కాలం నుంచి, దాదాపు 1,900 ఏళ్ళుగా ఇలాగే ఇంకుతున్నాయి. అందరూ తాడు అవతల నిలబడి తల పైకెత్తి చూస్తుంటే నేను కింద ఆ కన్నాలనే చూస్తూ నిలబడేదాన్ని. 2023 జూలైలో టికెట్ పెట్టారు, అప్పుడు 5 యూరోలు. రోము నివాసిగా నమోదైనవాళ్ళకి అది ఉచితం. ఇంటి ఒప్పందం రిజిస్టర్ చేయించమని గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణమే. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలన్నీ ఉచితం. తెర్మిని దగ్గరున్న పలాత్సో మాస్సిమోకి వెళ్తే కింది అంతస్తులో నాణేలున్నాయి, చూడండి. తిబేరియస్ చక్రవర్తి బొమ్మ ఉన్న నాణెం ముందు నేను చాలాసేపు ఆగాను. అలాంటి రోమను బంగారు నాణేలే మన వినుకొండలో తవ్వితే దొరికాయి. మిరియాలూ బట్టలూ కొన్న డబ్బు అక్కడి నుంచి మన దాకా నడిచింది.

తెలుగు వినిపిస్తుందా అంటే, వినిపిస్తుంది. ఎక్కువమంది చదువుకోవడానికి వచ్చిన ఫాదర్లు, సిస్టర్లు. ట్రామ్‌లో ఒక సిస్టరు ఫోన్‌లో "అన్నం తిన్నావా నాన్నా" అంటుంటే నేను సీటులోంచి లేచి నిలబడిపోయాను. ఆవిడది నూజివీడు దగ్గర. 2022 ఆగస్టు 27న హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు, తెలుగువాళ్ళలో ఆయనే మొదటివారు. ఆ రోజు వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి చుట్టుపక్కల వీధుల్లో పట్టుచీరలూ, మన మాటలూ. మేం ఆ మతం వాళ్ళం కాకపోయినా సిస్టరు పిలిస్తే వెళ్ళాం. చాలా సంతోషం వేసింది.

సామాను అడిగితే, పోపుల పెట్టె, చింతపండు, ఇంగువ, మిక్సీ, అయిదు లీటర్ల కుక్కర్‌కి రెండు స్పేర్ గాస్కెట్లు, పాపకి రబ్బరు అడుగున్న బూట్లు. బియ్యం, పప్పు మోసుకెళ్ళకండి. పచ్చళ్ళ సీసాలు బాగా సీలు చేయించి పెద్ద పెట్టెలో వేసుకోండి, చేతి సామానులో వద్దు. ఆవకాయ రెండు సీసాలు పెట్టండి. ఒకటి పక్కింటివాళ్ళకి పోతుంది. మా సిన్యోరా దాన్ని ఉడకబెట్టిన బంగాళదుంపల మీద వేసుకుని తినేవారు. నేను వచ్చేశాక కూడా ఎవరైనా రోము వెళ్తుంటే వాళ్ళ చేత ఒక సీసా పంపుతున్నాను. మీరు ఎప్పుడు బయల్దేరుతున్నారో చెప్పండి.